మాత్రల పద్దు రాసే గుమస్తా గారికి

అయ్యా, లెక్క సరిచేసే అలవాటు గారూ,

షుగర్ మాత్రలున్న ఇంట్లో గుమాస్తాగిరీ మీదే. ఉదయం మాత్ర మర్చిపోతే బాకీ కింద రాసుకుని, రాత్రికి రెండు మింగించి చెల్లు పెట్టిస్తారు. విందున్న రోజు ఒకటి అడ్వాన్సు. రిపోర్టు బాగా వచ్చిన వారం నాలుగు మిగులు. చేతికింద ప్యాంక్రియాస్ ఉందని, దానికి మీ పద్దు పుస్తకం చదవడం రాదని ఎవరూ చెప్పలేదు కాబోలు.

ముందు గ్లిమిపిరైడ్‌తో మీ బేరాల సంగతి. ప్యాంక్రియాస్‌ను తట్టి ఇన్సులిన్ బయటికి తీయించడమే ఆ మాత్ర పని. పళ్ళెంలో అన్నం ఉందా లేదా అని అది చూడదు. అందుకే రోజులో మొదటి భోజనంతో వేసుకోమంటారు, వేసుకున్నాక తిండి మానొద్దంటారు. మీరు రాత్రి రెండు వేయించి పడుకోబెట్టిన మనిషిని తెల్లవారుజామున మూడింటికి చూడండి. దిండు చెమటకు తడిసిపోయి ఉంటుంది. గుండె దడ. లైటు వేద్దామని లేచిన చేతికి రోజూ తెలిసిన స్విచ్చే దొరకదు. ఏమైందని అడిగితే పొంతన లేని జవాబు. మీటరులో 70 కంటే తక్కువ ఉంటే లో షుగరే, 54 లోపుంటే ప్రమాదం ముదిరినట్టే.

15 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాలాగి మళ్ళీ చూడాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్ళీ అంతే తాగించాలి. పెరిగాక కాస్త తిండి పెట్టాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం చుక్క పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేరుగా ఆసుపత్రికే. లేచి కూర్చున్నాడు కదా అని మీరు పద్దు మూసేస్తారు, అదే తప్పు. మాత్ర ఇంకా ఒంట్లోనే ఉంది, కొన్ని గంటలకు షుగర్ మళ్ళీ పడిపోవచ్చు. వయసు పైబడినవాళ్ళలో, కిడ్నీలు నెమ్మదించినవాళ్ళలో ఈ భయం ఎక్కువ, గ్లిబెన్‌క్లమైడ్ అనే అదే జాతి మాత్ర అయితే మరీను. వోగ్లిబోస్, అకార్బోస్ అనే షుగర్ మాత్రలు కూడా వాడేవాళ్ళకు పంచదార నీళ్ళు వెంటనే పనిచేయవు. పంచదారను విడగొట్టే ఎంజైమునే అవి అడ్డుకుంటాయి. గ్లూకోజ్ పొడి ఇంట్లో ఉంచుకోవాల్సిందే.

ఇంతకీ మర్చిపోయిన మాత్రకు బాకీ లేదు. తర్వాతి మోతాదు వేళ దగ్గర పడితే పోయింది పోయినట్టే, దాని వేళకు ఒక్కటే వేసుకోవాలి.

మీ డబుల్ ఎంట్రీ విద్య గురించి కూడా ఒక మాట. స్ట్రిప్పు ముందు పెద్ద అక్షరాల్లో కంపెనీ పేరు, వెనక రేకు మీద చీమ తలంత అక్షరాల్లో అసలు మందు. పాత స్ట్రిప్పులో గ్లిమిపిరైడ్ 2 మి.గ్రా., కొత్త స్ట్రిప్పులో గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసి. పేర్లు వేరు కదా అని రెండూ వేయిస్తారు. పైగా పేరు, గడువు తేదీ అచ్చయిన వైపు నుంచే చింపించడం మొదలుపెడతారు. నాలుగు మాత్రలు అయ్యేసరికి ఆ రేకు ఊరూ పేరూ లేనిదవుతుంది.

మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్‌ను, అంటే మందును నెమ్మదిగా వదిలే రకాన్ని, నలిపిస్తారు, నమిలిస్తారు. గంటల తరబడి కొంచెం కొంచెంగా దిగాల్సిన మందు ఒక్కసారే దిగి కడుపును తిప్పేస్తుంది. ఇంకో వింత ఏమిటంటే, మలంలో మాత్ర ఆకారం కనబడగానే ‘ఇది కరగలేదు, ఇంకోటి వెయ్యి’ అని రాసేస్తారు. కొన్ని ఎస్ఆర్ మాత్రల్లో అది మందు ఖాళీ అయిన తొడుగు. లోపలిది ఎప్పుడో ఒంటికి పట్టేసింది.

ఏడాది పొడవునా నాగాలు పెట్టించే మీరు, నిజంగా సెలవు కావాల్సిన రోజున మాత్రం మొండికేస్తారు. వాంతులు, విరేచనాలతో ఒళ్ళు ఎండిపోతున్నప్పుడు మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ తాత్కాలికంగా ఆపాల్సి వస్తుంది, డాక్టరుకు ఫోన్ చేయాల్సింది అప్పుడే. పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ ఉన్న ఈ మాత్రలతో ఒక మోసం ఉంది. మీటరు 180 చూపిస్తున్నా రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకుపోవచ్చు. వికారం, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తుంటే మీటరు అంకె చూసి ‘బాగానే ఉంది’ అని రాయకండి. ఆపరేషనుకు మామూలుగా మూడు రోజుల ముందే వీటిని ఆపిస్తారు. సర్జనుకు ఈ మాత్ర పేరు చెప్పకుండా దాచేదీ మీరే.

ఇట్లు,
మీ లెక్కలు దిద్దీ దిద్దీ అలసిన వాళ్ళం

తా.క.: మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళ కాళ్ళ తిమ్మిర్లన్నీ షుగర్ ఖాతాలోనే రాస్తున్నారు. ఆ మందు బి12 విటమిన్ను కూడా తగ్గించగలదు, తిమ్మిర్లు ఆ లోటువీ కావచ్చు. ఒకసారి రక్తపరీక్ష చేయించి, ఆ పద్దు ఏ ఖాతాలోదో చూడండి.