చిక్కగా ఉంటే మంచి షాంపూయేనా?

షాంపూ సీసాని తలకిందులు చేసి, లోపలి గాలి బుడగ ఎంత మెల్లగా పైకి పాకుతుందో చూసి "చిక్కగా ఉంది, మంచిదే" అనుకునేవాళ్లు చాలామంది. ఈ లెక్క తప్పు. ఎన్నో షాంపూలకు ఆ చిక్కదనం తెచ్చేది మామూలు ఉప్పే.

సోడియం లారెత్ సల్ఫేట్ లాంటి, నురగనిచ్చే పదార్థాల అణువులు నీళ్లలో చిన్న చిన్న గుంపులుగా తిరుగుతుంటాయి. తగినంత ఉప్పు పడితే ఆ గుంపులు వానపాముల్లా పొడవుగా సాగి, ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. అంతవరకూ నీళ్లలా ఉన్నది తేనెలా సాగుతుంది. తయారుచేసేవాళ్లకు టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది. ఉప్పు ఒక హద్దు దాటిందా, చిక్కబడింది కాస్తా మళ్లీ పల్చబడుతుంది. పల్చబడిందని ఇంకాస్త వేస్తే పని ఇంకా చెడుతుంది. అందుకే ముందు చిన్న గిన్నెలో కొద్దికొద్దిగా వేసి, ఆ హద్దు ఎక్కడుందో చూసుకోవాలి. మురికి వదిలించే సరుకు రెండు షాంపూల్లో సమానంగా ఉన్నా, ఒకటి చిక్కగా, ఇంకొకటి పల్చగా ఉండొచ్చు.

జెల్‌లను చిక్కబరచడానికి వాడే పొడి కార్బోమర్. దాని జెల్ సంగతి దీనికి పూర్తిగా ఎదురు. ఆ పొడిని నీళ్లలో కలిపితే మొదట పల్చగా, పుల్లగా ఉంటుంది. క్షారం పడగానే దాని గొలుసులు విచ్చుకుని జెల్ గట్టిపడుతుంది. షాంపూని చిక్కబరిచిన ఆ ఉప్పే దీన్ని నీరుగార్చేస్తుంది. లవణాలున్న మొక్కల సారం కలిపినా అదే గతి.

ఇక అంకెల విషయం. 20 డిగ్రీల దగ్గర నీటి చిక్కదనం సుమారు 1 సెంటీపాయిజ్ (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం). షాంపూలది వేలల్లో ఉంటుంది. ద్రవాన్ని ఒకే వేగంతో తిప్పి ఆ అంకెని కొలిచి సరిపెట్టుకోవడమే నాకు నచ్చని పని. సీసాలో కదలకుండా ఉన్నప్పుడు, అరచేతిలోకి వంపినప్పుడు, చర్మం మీద రుద్దినప్పుడు ద్రవం మీద పడే ఒత్తిడి ఒకటి కాదు. జాంథన్ గమ్ అనే చిక్కబరిచే జిగురు కలిపిన లోషన్ నిలకడగా ఉన్నప్పుడు చిక్కగా ఉండి, రుద్దగానే పల్చబడుతుంది.

నెయిల్ పాలిష్‌ని దగ్గరగా చూడండి. బ్రష్ తగిలినప్పుడు పల్చబడి గోరంతా పరుచుకోవాలి, బ్రష్ గీతలు మాసిపోవాలి, ఆపైన మళ్లీ చిక్కబడాలి. తొందరగా చిక్కబడితే గీతలు అలాగే మిగిలిపోతాయి. ఆలస్యమైతే రంగు గోరు అంచులకు కారిపోతుంది. శుద్ధిచేసిన ప్రత్యేకమైన బంకమట్టి ఈ పని చేసిపెడుతుంది. పాలిష్ బాగుందో లేదో తేలేది ఆ కొద్దిపాటి వ్యవధిలోనే. ఒకే వేగంతో తీసిన అంకెలో అది కనిపించదు. నెమ్మదిగా ఒకసారి, వేగంగా ఒకసారి, ఆపాక ఇంకోసారి కొలవాలి. వేడి తగిలితే ద్రవాలు పల్చబడతాయి కాబట్టి ఆ కొలతల పక్కనే ఉష్ణోగ్రత కూడా రాయాలి.