సముద్రం దాటే ముందు పొరుగువాళ్లను వెతకాలి

తమ పూర్వీకులు స్కాట్స్-ఐరిష్ వలసదారులని, అంటే స్కాట్లండ్ నుంచి ఐర్లండ్‌కు, అక్కడి నుంచి అమెరికాకు వచ్చినవాళ్లని చెప్పుకునే కుటుంబాలు అమెరికాలో లక్షల్లో ఉన్నాయి. ఆన్‌లైన్‌లో వాళ్లు పెట్టిన వంశవృక్షాలు చూస్తే చాలావాటిది ఒకటే తీరు. 1740 ప్రాంతంలో వర్జీనియాలోనో పెన్సిల్వేనియాలోనో భూమి కొన్న రైతు ఒకడుంటాడు. ఆయనకు పైన ఐర్లండ్‌లో ఒక తండ్రి, స్కాట్లండ్‌లో ఒక తాత, ఇంకా పైకి వెళ్తే కోట, బిరుదు ఉన్న ప్రభువు. రైతు భూమి కొన్నాడనడానికి దస్తావేజు ఉంది. పైవాళ్లు ఆయన పూర్వీకులే అనడానికి ఏమీ ఉండదు. ఆ రైతు దగ్గరే ఆగి, పైన ఖాళీ వదిలేసిన వంశవృక్షమే నమ్మదగినదని నా అభిప్రాయం. ఆ ఖాళీ నింపాలంటే ముందు ఐర్లండ్ వైపు కాదు, రైతు పక్క పొలాల వైపు చూడాలి.

1609 తర్వాత ఇంగ్లండ్ ప్రభుత్వం ఉత్తర ఐర్లండ్‌లోని అల్‌స్టర్‌లో స్థానిక ఐరిష్ వాళ్ల భూములు లాక్కుని స్కాట్లండ్, ఇంగ్లండ్‌ల నుంచి ప్రొటెస్టెంట్లను తెచ్చి స్థిరపరిచింది. స్కాట్లండ్ నుంచి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ప్రెస్బిటేరియన్లు, అంటే ప్రభుత్వం గుర్తించిన ఆంగ్లికన్ చర్చికి చెందని ప్రొటెస్టెంట్లు. వందేళ్లకు వాళ్ల మనవల తరం కౌలు పెంపు, కరువు, నార బట్టల వ్యాపారంలో మాంద్యం, 1704 చట్టం ప్రెస్బిటేరియన్లను ప్రభుత్వ పదవులకు దూరం పెట్టడం వంటి కారణాలతో ఓడలెక్కింది. 1717 నుంచి 1775 వరకు అలా లక్షకు పైగా జనం అమెరికా చేరారని అంచనా. ఎక్కువమంది ఫిలడెల్ఫియా, న్యూకాజిల్ రేవుల్లో దిగి, లాంకాస్టర్ ప్రాంతం మీదుగా, గ్రేట్ వ్యాగన్ రోడ్ అనే బండ్ల బాట వెంట వర్జీనియాలోని షెనండోవా లోయకు, ఆ తర్వాత కరోలినాలకు వెళ్లారు.

ఇంతమంది వెళ్తే ప్రయాణికుల జాబితాలేవి? 1727 నుంచి పెన్సిల్వేనియాలో దిగిన జర్మన్లు పరాయి దేశస్థులు కాబట్టి రాజుకు విధేయత ప్రమాణం చేయాల్సి వచ్చింది, వాళ్ల పేర్లు కాగితాలకెక్కాయి. అల్‌స్టర్ వాళ్లు అప్పటికే బ్రిటిష్ రాజు ప్రజలు. వాళ్ల పేర్లు రాసుకోవాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు. అందుకే అదే రేవులో, అదే ఏడాది దిగిన జర్మన్ కుటుంబం ఓడ పేరుతో సహా దొరుకుతుంది, అల్‌స్టర్ కుటుంబం సాధారణంగా దొరకదు.

రెండో దెబ్బ 1922 జూన్ 30న తగిలింది. ఐర్లండ్ అంతర్యుద్ధంలో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ప్రాంగణంలో పేలుడు జరిగి ప్రభుత్వ రికార్డుల భవనం తగలబడింది. వీలునామాలు, ఆంగ్లికన్ చర్చి రిజిస్టర్లలో సగానికి పైగా, 1821 నుంచి 1851 వరకు జనాభా లెక్కల్లో దాదాపు మొత్తం బూడిదయ్యాయి. అయినా నెపమంతా ఆ మంట మీదికి నెట్టడం సరికాదు. కౌలు రైతుల్లో వీలునామా రాసినవాళ్లు ఎప్పుడూ తక్కువే. ప్రెస్బిటేరియన్ సంఘాల రిజిస్టర్లు ఆ భవనంలో లేవు, కానీ అవి చాలా చోట్ల 19వ శతాబ్దంలోనే మొదలవుతాయి. కాలిపోయిన వాటిలోనూ మన రైతు పేరు ఉండకపోయే అవకాశమే ఎక్కువ.

మిగిలినవి ముక్కలు: 1630 ప్రాంతపు సైనిక జాబితాలు, 1660ల నాటి పొయ్యి పన్ను పట్టీలు, 1740 నాటి ప్రొటెస్టెంట్ కుటుంబ పెద్దల జాబితాలో కొంత. వీటిలో పేరు, ఊరు తప్ప పెద్దగా ఏమీ ఉండదు. జాబితాలో పేరు కలిసింది కదా అని ఆ మనిషిని తాతను చేసేస్తేనే అసలు పొరపాటు. మన దగ్గర ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లందరూ దాయాదులు కానట్టే అక్కడా అంతే. పైగా పెద్ద కొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు పెట్టే ఆనవాయితీ వాళ్లలో బలంగా ఉండేది. నలుగురు అన్నదమ్ములుంటే నలుగురి ఇళ్లలోనూ ఒకే పేరుతో పెద్ద కొడుకులు! దాన్ని ఆధారంగా పట్టుకోవచ్చు, రుజువుగా చూపకూడదు.

మరి దారేది? ఈ జనం ఒంటరిగా కదల్లేదు. 1718లో అల్‌స్టర్‌లోని అహడోయి పాస్టర్ జేమ్స్ మెక్‌గ్రెగర్ తన సంఘంలో చాలామందితో బయల్దేరాడు. వాళ్లే న్యూహాంప్‌షైర్‌లో లండన్‌డెరీ ఊరు కట్టుకున్నారు. 1772లో విలియం మార్టిన్ అనే పాస్టర్ వెనుక అయిదు ఓడలు సౌత్ కరోలినా వెళ్లాయి. కాబట్టి మన రైతు ఊరు తెలియకపోయినా, ఆయన దస్తావేజుకు సాక్షి సంతకం చేసినవాడి ఊరో, ఆయన కూతుర్ని చేసుకున్న పక్క పొలం అబ్బాయి ఊరో తెలిసే అవకాశం ఉంది. అలా ముగ్గురు నలుగురు పొరుగువాళ్లు ఒకే ప్రాంతానికి తేలితే అక్కడ వెతకడంలో అర్థం ఉంటుంది.

దీనికి వర్జీనియా రికార్డులు గొప్ప సాయం. సొంత ఖర్చుతో వచ్చినవాళ్లకు తలకు 50 ఎకరాల హక్కు ఉండేది. దానికోసం 1740లో ఆరెంజ్ కౌంటీ కోర్టులో చాలామంది అల్‌స్టర్ వాళ్లు ప్రమాణం చేసి, భార్యాపిల్లల పేర్లు చెప్పి, ఐర్లండ్ నుంచి ఫిలడెల్ఫియా మీదుగా వచ్చామని రాయించారు. ఆగస్టా కౌంటీలో పాస్టర్ జాన్ క్రెయిగ్ 1740 నుంచి 1749 వరకు ఇచ్చిన బాప్తిస్మాల పుస్తకం ఇప్పటికీ ఉంది. ఆ కౌంటీ కోర్టు రికార్డుల సారాంశం 1912లో అచ్చయింది, అందరూ దాన్నే ఉదహరిస్తారు. అందులో తప్పులున్నాయి కాబట్టి అసలు కోర్టు పుస్తకం చూడకుండా తేల్చేయకూడదు. డీఎన్ఏ పరీక్ష రెండు కుటుంబాలు ఒకటా కాదా అన్న ప్రశ్నకు బాగా పనికొస్తుంది, తాత పేరు మాత్రం చెప్పదు.

తొందరపడేవాళ్లు అమెరికా అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సన్ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆయన తల్లిదండ్రులు 1765లో అల్‌స్టర్ నుంచి వచ్చారు, ఆయన 1767లో రెండు కరోలినాల సరిహద్దులోని వాక్సా ప్రాంతంలో పుట్టాడు. ఆయన ఏ ఇంట్లో పుట్టాడన్నదానిపై రెండు కరోలినాలూ ఇప్పటికీ పోటీ పడుతున్నాయి. దేశాధ్యక్షుడి పుట్టిన చోటే తేలనప్పుడు, మామూలు రైతు తాత స్కాట్లండ్‌లో ఏ కోటలో ఉన్నాడో అంత సులువుగా ఎలా తేలుతుంది?

ఇంకో మాట, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఈ రైతులకు దక్కిన నేల అంతకుముందు మూలవాసులది. కొందరి వీలునామాల్లో పశువులు, నాగళ్ల పక్కనే బానిసల పేర్లూ ఉంటాయి. తమ తాత పేరు రాసుకుని పేజీ తిప్పేసేవాళ్లు ఆ పేర్లు కూడా రాసి బయటపెట్టాలి. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లందరినీ పేర్లతో లెక్కించిన మొదటి అమెరికా జనాభా లెక్కలు 1870వి. అంతకు ముందటి తమవాళ్లను వెతికే నల్లజాతి కుటుంబాలకు దొరికే ఆధారం చాలాసార్లు ఈ వీలునామాల్లోనే ఉంటుంది, అవి ముందుగా చేతికొచ్చేది మాత్రం ఆ రైతుల వారసులకే.