పేరు ఊరిది, పనితనం ఎవరిది?

ఈమధ్య పెళ్లిళ్లలో పంచే పూతరేకుల పెట్టెల మీద వధూవరుల ఫొటో అచ్చేయించడం ఫ్యాషనైంది. కస్టమైజ్డ్ అంటున్నారు. మూత తీస్తే ఏ పెళ్లిలోనైనా అవే డ్రైఫ్రూట్ రేకులు. ఫొటో వేసినంత మాత్రాన వస్తువుకు ప్రత్యేకత వచ్చేస్తుందా? అది వచ్చేది చేసే చేతి నుంచి. ఆ చెయ్యి ఎవరిదో మనం అడగడం ఎప్పుడో మానేశాం.

ఆత్రేయపురంలో రేకు తీయడం ఒకసారి దగ్గరగా చూడండి. బోర్లించిన కుండ కింద మంట. పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను కుండ మీద అలా లాగగానే పొర ఆరి పైకి లేస్తుంది. మంట ఎక్కువైతే చిట్లుతుంది, తగ్గితే అంటుకుపోతుంది. జావ చిక్కదనం, గుడ్డ లాగే వేగం, మణికట్టు ఒడుపు ఏ కొలతకూ అందవు. పక్కపక్క పొయ్యిల దగ్గర కూర్చున్న అత్తాకోడళ్ల రేకులే ఒకలా ఉండవు. (నెయ్యి, బెల్లం మాటంటారా, అవి ఎవరైనా వేస్తారు.)

2023లో ఈ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అంటే ఆ ఊరి పేరు ఆ ఊరి సరుకుకే చెందుతుందని చట్టం ఒప్పుకోవడం. నకిలీలకు కళ్లెం పడుతుంది, ఊరికి గిరాకీ పెరుగుతుంది అనేవాళ్ల మాట కాదనలేం. ఆ పేరును ఎవరూ సొంతానికి అమ్ముకోవడానికి వీల్లేదు, అదీ మంచిదే.

అయితే ఈ గుర్తింపునిచ్చే 1999 నాటి చట్టంలో 'ఉత్పత్తిదారు' అంటే తయారుచేసేవాళ్లే కాదు, ఆ సరుకుతో వ్యాపారం చేసేవాళ్లు కూడా. అధీకృత వినియోగదారుగా, అంటే ఆ పేరు వాడుకునే హక్కున్నవారిగా, ఎవరికి వారు నమోదు కావచ్చు. ఫారాలు, ఫీజులు, ఆఫీసుల చుట్టూ తిరగడం ఎవరికి చేతనవుతుంది? షాపు ఓనరుకా, పొయ్యి దగ్గర పొగలో కూర్చున్న ఆవిడకా?

ఆడవాళ్ల పనికి మన దగ్గర ఎప్పుడూ ఇదే గతి. నరసాపురం క్రోషే లేసు చూడండి. 19వ శతాబ్దంలో మిషనరీలతో వచ్చిన అల్లిక, దానికీ భౌగోళిక గుర్తింపు దక్కింది. ఒకరు పువ్వులు అల్లుతారు, ఇంకొకరు అతుకు పని చేస్తారు, సరుకు విదేశాలకు పోతుంది. ఎగుమతిదారుకు బోర్డుంది, బ్రాండుంది. అల్లిన మనిషిని మాత్రం 'ఇంట్లో ఖాళీగా ఉండి ఏదో అల్లుకుంటోంది' అంటారు. ఖాళీగా ఉన్నావిడకు కూలి ఎంతిచ్చినా ఎక్కువే కదా!

కాబట్టి గుర్తింపు తెచ్చుకున్న సంఘాలు ముందు ఒక పని చేయాలి. నమోదైనవాళ్లలో రేకు తీసేవాళ్లు, లేసు అల్లేవాళ్లు ఎందరో జాబితా బయటపెట్టాలి. నమోదు కానివాళ్ల ఫీజు సంఘమే కట్టి వాళ్లనూ చేర్పించాలి. దళారీతో రేటు మాట్లాడే రోజున ఆ కాగితం ఆమె చేతిలో ఉండాలి.