నీరు పల్లమెరుగు, మనకెందుకు ఎరుక?

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు పెద్దలు. ఎరిగినవాళ్లు ఇద్దరు ఉండనే ఉన్నారు. అలాంటప్పుడు మూడో మనిషికి డబ్బిచ్చి, మూడు కాళ్ల యంత్రం నిలబెట్టించి, నేల ఎటు వాలిందో కొలిపించడం దుబారా కాదా అని మా వీధిలో అపార్టుమెంటు కడుతున్న పెద్దమనిషి నన్ను నిలదీశారు. నాకు జవాబు తోచలేదు. ఇంటికి వచ్చి ఆలోచించిన కొద్దీ ఆయన వాదమే బలంగా కనిపించింది. అందుకే ఈ వ్యాసం.

ముందు ఒక అపవాదు తుడవాలి. తిరుపతివాళ్లకు కొలతల పట్టింపు లేదంటారు కొందరు. శుద్ధ అబద్ధం. మేము అంకణాల లెక్కన బతికేవాళ్లం. మా అంకణం 36 చదరపు అడుగులు. నెల్లూరులో అదే పేరుకు 72. ఆ తేడా తెలియని వియ్యంకుడు ఈ చుట్టుపక్కల దొరకడు. ప్రహరీ గోడ నాలుగు అంగుళాలు ఇటు జరిగిందని అన్నదమ్ములు మాటలు మానేసిన ఇళ్లు నాకు తెలుసు. పొడవూ వెడల్పూ మాకు ప్రాణం. ఎత్తు ఒక్కటే కొండకు వదిలేశాం.

ఆ పెద్దమనిషి దగ్గరకు ఒక సర్వేయరు వచ్చాడు. చదువుకున్న కుర్రవాడు, పాపం. కదలని చోట ఎత్తులన్నిటికీ ఆధారంగా ఒక గుర్తు, అంటే బెంచ్ మార్కు పెట్టి, మూడు కాళ్ల టోటల్ స్టేషన్‌తో స్థలమంతా మట్టాలు తీసి, ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ అర మీటరు ఎత్తుకు ఒక గీత చొప్పున కాంటూరు పటం గీస్తానన్నాడు. గీతలు దగ్గరగా పడితే వాలు ఎక్కువ, ఎడంగా పడితే తక్కువ. ఎగువ నీరు ఎక్కడ లోపలికి వస్తుందో, ఎక్కడ బయటికి పోతుందో అందులోనే తేలుతుందట. వచ్చే నీటిని అంచు వెంట కాలువ తీసి పక్కకు మళ్లించాలి. పోయే చోట మట్టి అడుగున దిగేదాకా నీటిని ఆపే గుంట తవ్వాలి. ఇసుక క్షణాల్లో దిగుతుంది, బంకమట్టికి రోజులు పడుతుంది, కాబట్టి గుంట కాస్త పెద్దదే ఉండాలి. ఇదంతా జేసీబీ రాకముందే జరగాలి. జేసీబీ రాకముందే! పెళ్లిచూపులనాడే బారసాల చేయమన్నట్లుంది.

అయినా పెద్దమనిషి మాట తీసేయలేదు. బెంచ్ మార్కు వరకు పెట్టించారు. ఎదురింటి ప్రహరీ మీద ఎర్ర రంగు బాణం. పండుగకు ఎదురింటివాళ్లు సున్నం వేయించుకున్నారు.

మా పద్ధతి వేరు. ముందు స్థలానికి గుండు కొట్టిస్తాం. కొండ మీద కల్యాణకట్ట ఉన్న ఊరిలో కింద నేలకు ఆ భాగ్యం ఎందుకు ఉండకూడదు? కంపచెట్లు, గడ్డి, జానెడు పైమట్టి, అన్నీ ఒక్క పూటలో దిగిపోతాయి. భక్తుడైతే గుండు మీద చందనం రాసుకుంటాడు. నేలకు కూడా వరిగడ్డి పరచాలని, కనీసం గోనెపట్టాలు కప్పాలని ఆ కుర్రవాడు అన్నాడు. మేము మాత్రం ఈశాన్య ఋతుపవనాన్ని పూస్తాం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉచితంగా దొరుకుతుంది. నీటి వేగం రెట్టింపైతే అది దొర్లించుకుపోగల రాయి బరువు 64 రెట్లవుతుందని జలశాస్త్రంలో పాత సూత్రం ఒకటి ఉంది. ఏ బ్యాంకులో వేసిన డబ్బు ఇలా పెరుగుతుంది? ఇంత రాబడి ఇచ్చే వాలును మెట్లు మెట్లుగా తెగ్గొట్టమనడం పెట్టుబడిదారుల మీద కక్ష కాక మరేమిటి?

ఇక వాస్తు. ఇక్కడ నేను కాస్త ఆగాలి, ఎందుకంటే ఊరి ఇంజినీరింగు అంతా ఇందులోనే ఉంది. ఈశాన్యం పల్లంగా, నైరుతి ఎత్తుగా ఉండాలి. కాని మన ఊరికి ఉత్తరాన కొండ ఉంది. నేల అక్కడి నుంచి దక్షిణానికి, స్వర్ణముఖి వైపుకు వాలుతుంది. కొండను ఉత్తరాన నిలిపేటప్పుడు దేవుడు సిద్ధాంతిని సంప్రదించినట్లు లేదు. ఆ పొరపాటును మేము ఒక్కో ప్లాటు చొప్పున దిద్దుకుంటూ వస్తున్నాం. ఉత్తరం పక్క తవ్వుతాం, ఆ మట్టిని నైరుతికి పోసి ఎత్తు చేస్తాం. పోసిన మట్టి పలుచని పొరలుగా పరిచి, తడిపి, రోలరుతో తొక్కిస్తేనే గట్టిపడుతుంది. సిద్ధాంతి అంత వివరంగా చెప్పలేదు. అంటే స్థలం మొత్తంలో అతి వదులైన మట్టి సరిగ్గా దిగువ అంచున కూర్చుంటుంది. మొదటి వానకు ఈశాన్యపు గుంటలో నీళ్లు నిలుస్తాయి. అక్కడ నీరుండడం ఐశ్వర్యం. రెండో వానకు గుంట పొర్లి, నైరుతి గుట్టను కోసుకుని, దక్షిణాన ఉన్నవారి పెరట్లో దిగుతుంది. ఐశ్వర్యం చేతులు మారుతుంది.

మట్టిని ఆపడానికి ఏమీ చేయలేదనడం అన్యాయం. కంచె కట్టారు. అసలు దానికొక గుడ్డ ఉందట. దాన్ని కాంటూరు గీత వెంట నిలబెట్టి, అడుగు భాగాన్ని నేలలో పూడ్చి, చివరలు వాలుకు పైకి తిప్పాలట. కాఫీ ఫిల్టరు మాదిరి డికాషన్ దిగాలి, పొడి ఆగాలి. పెద్దమనిషి ఆ గుడ్డ బదులు ఎవరి పుట్టినరోజుకో కట్టిన ఫ్లెక్సీ బిగించారు. ఫ్లెక్సీలోంచి చుక్క దిగదు. వెనకాల నీళ్లు నిండాయి, నమస్కారం పెడుతున్న నాయకుడు కాసేపు ఓర్చుకున్నాడు, ఆపైన మట్టితో సహా వీధిలోకి వచ్చి ఓటర్లను పలకరించాడు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న నిర్మాణానికి పర్యావరణ అనుమతి కావాలి. అమెరికాలో ఎకరా నేల కదిపితే చాలు, వాననీటి అనుమతి అడుగుతారట. మా వీధి కట్టడం 20,000కు చాలా దిగువన ఉంది. వానకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

వాన కూడా సర్వే చేస్తుంది. 2021 నవంబరులో చేసింది. ఏ కాలువ పూడిందో, ఏ చెరువును మనం కాలనీ అని పిలుస్తున్నామో రోజుల్లో తేల్చి, వీధి గోడల మీద ఎర్రమట్టి గీత గీసి వెళ్లింది. నిలిచిన నీటి అంచు ఎక్కడైనా ఒకే మట్టం కాబట్టి అంతకంటే నిజమైన కాంటూరు గీత ఎవరూ గీయలేరు. ఆ గోడలకు కూడా తర్వాతి పండుగకు సున్నం వేయించుకున్నాం.

మొన్నటి వానకు అపార్టుమెంటు స్థలం మీద సగటున ఒక సెంటీమీటరు మట్టి పోయిందని కుర్రవాడి అంచనా. ఎకరాకు ఆ లెక్కన 40 ఘనపు మీటర్లు. సగం కాలువలో ఉంది. మిగిలిన దానిలో కొంత మా పెరట్లో ఉంది, మా ఇల్లు దక్షిణాన కదా. కరివేపాకు మొక్క మొదలు కనబడటం లేదు. తులసికోట ఒక మెట్టు పొట్టిదైంది. అంకణాలు పెరగలేదు గాని ఆరంగుళాల ఎత్తు మాత్రం నాకు సంక్రమించింది. దస్తావేజు లేదు, స్టాంపు డ్యూటీ కట్టలేదు, సాక్షులుగా ఆ వాన, నేను తప్ప ఎవరూ లేరు. నిన్న పెద్దమనిషి గోడ మీద నుంచి తొంగి చూసి, మట్టి మంచిదేనని, తోటకు పనికొస్తుందని, టిప్పరు ధర మాత్రం ఇస్తే చాలని అన్నారు.