థీసిస్ ఊరికి ఎప్పుడు తిరిగొస్తుంది?

పరిశోధన చేసే అమ్మాయి ఒకరోజు ఊరికొస్తుంది. బోరు నీళ్లు సీసాల్లో పట్టుకుంటుంది, అరుగు మీద కూర్చున్నవాళ్లను అడగాల్సినవన్నీ అడిగి రాసుకుని బస్సెక్కుతుంది. కొన్నేళ్లకు ఆమెకు డాక్టరేట్ వస్తుంది. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో ఊరికి మాత్రం తెలియదు.

తప్పు ఆ అమ్మాయిది కాదు. వెనక్కి వెళ్లి చెప్పి రమ్మని ఆమెను ఎవరూ అడగలేదు.

అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో వచ్చింది, కడపలో యోగి వేమన 2006లో, కర్నూలులో రాయలసీమ 2008లో. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని అనంతపురం లాంటి జిల్లాలో జనం డబ్బుతో నడిచే యూనివర్సిటీ నుంచి మేము ఆశించేది డిగ్రీలూ ర్యాంకులతో ఆగిపోదు. కదిరి పరిశోధన స్థానంలో పుట్టిన వేరుశనగ రకం చూడండి, కె-6 అంటే బుడ్డలు వేసే రైతు ఠక్కున గుర్తుపడతాడు. విత్తనమైతే చేతులు మారుతూ ఊళ్లు తిరుగుతుంది. నీళ్ల లెక్క, అప్పుల లెక్క, వలసల లెక్క అలా వెళ్లవు, ఎవరో ఒకరు మోసుకెళ్లాలి.

థీసిస్‌లన్నీ శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో పెడుతున్నాం కదా, ఎవరైనా చదువుకోవచ్చు అంటారు. ఇంగ్లీషులో వందల పేజీలు ఏ రైతు చదువుతాడు? వేమన పేరు పెట్టుకున్న చోటైనా తెలుగులో విడమరిచి చెప్పడం చిన్నతనం కాకూడదు.

మేము అడిగేది పెద్ద పనేమీ కాదు. థీసిస్ ఇచ్చేటప్పుడే నాలుగు పేజీల తెలుగు సారాంశం కూడా ఇవ్వాలి, శాంపిళ్లు తీసుకున్న ఊరి గ్రామసభలో దాన్ని చదివి జనం అడిగినదానికి జవాబు చెప్పాలి, దగ్గరుండి చేయించిన అధ్యాపకుడి ప్రమోషన్‌లో జర్నల్ పేపర్లతో పాటు ఇదీ లెక్కలోకి రావాలి. శుద్ధ గణితం చేసేవాళ్లను గ్రామసభకు లాగమనడం లేదు, వాళ్ల పని వాళ్లను ప్రశాంతంగా చేసుకోనివ్వాలి.

ఇంకో మాట. నీళ్లు బాగోలేవని తేలితే ఆ మాట ఏ అధికారికి నచ్చకపోయినా బయటికి చెప్పగలగాలి, చెప్పినవాళ్ల వెనక యూనివర్సిటీ నిలబడాలి. అది లేకపోతే గ్రామసభలో చదివే కాగితం కూడా మొక్కుబడే అవుతుంది.

వచ్చే స్నాతకోత్సవం దాకా ఆగాల్సిన పనిలేదు. నీళ్ల మీద పరిశోధన చేసే విభాగాలు ముందు కదలాలి, ఆ సీసాలు నింపుకున్న బోర్ల దగ్గర జనం ఈ పొద్దు కూడా బిందెలు నింపుకుంటున్నారు.