వెంట్రుకల పరీక్షతో ఒంట్లోని విషలోహాలన్నీ తేలుతాయా?

“కాసిన్ని తల వెంట్రుకలు పంపితే చాలు, పుట్టినప్పటి నుంచి ఒంట్లో చేరిన సీసం, పాదరసం, ఆర్సెనిక్ అన్నీ బయటపడతాయి, రక్తపరీక్షలో ఇవి దొరకవు, అనుమానం తీరకపోతే ఒక మందు మింగి మూత్రం పరీక్షిస్తే దాగిన విషం తేలుతుంది” అనే సందేశం వాట్సాప్‌లో విస్తృతంగా తిరుగుతోంది. ఆటిజానికి ఒంట్లోని లోహాలే కారణమన్న అపోహతో ఆ పిల్లల తల్లిదండ్రులు దీన్ని నమ్మి డబ్బూ, కాలమూ పోగొట్టుకుంటున్నారు కనుక ఇందులోని ఒక్కో మాటనూ పరీక్షించక తప్పదు.

వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, కుదుళ్ల దగ్గర కత్తిరించిన మూడు సెంటీమీటర్ల ముక్క మూడు నెలల సంగతి చెప్పగలదే తప్ప పుట్టినప్పటి నుంచి జరిగినది చెప్పలేదు. అదైనా, అందులోని లోహమంతా ఒంట్లో నుంచే వచ్చి ఉంటేనే. చుండ్రుకు వాడే కొన్ని షాంపూల్లో సెలీనియం సల్ఫైడ్ ఉంటుంది, పాపిటలో పెట్టుకునే కొన్ని రకాల సింధూరంలో సీసం ఉంటుంది, బోరునీటిలోని ఖనిజాలు తలస్నానంతో వెంట్రుకకు పడతాయి. పైనుంచి పట్టినదాన్ని పూర్తిగా వదిలించి లోపలిదాన్ని మాత్రమే మిగిల్చే కడుగుడు పద్ధతి ఏ ల్యాబ్‌లోనూ లేదు. అమెరికాలో ఒకే ఆరోగ్యవంతుని వెంట్రుకలను ఆరు ల్యాబ్‌లకు పంపి, 2001లో ఫలితాలు ప్రచురించారు: 12 ఖనిజాల విషయంలో అత్యధిక, అత్యల్ప అంకెల మధ్య పదిరెట్లకు మించిన తేడా ఉంది.

అయితే వెంట్రుక అసలు పనికిరాదనడం కూడా తప్పే. పాదరసపు ఒక రూపమైన మిథైల్ పాదరసం వెంట్రుకలోని గంధకాన్ని గట్టిగా పట్టుకుంటుంది; 1971-72లో ఇరాక్‌లో ఈ పాదరసమున్న మందు పట్టించిన విత్తన గోధుమలతో రొట్టెలు చేసుకుని తిన్నవారి ఒంట్లో ఏ నెలలో ఎంత పాదరసం చేరిందో వారి వెంట్రుకల ముక్కలే తెలిపాయి. ఒక్క లోహానికి, అందులోనూ ఒక్క రూపానికి రుజువైన పద్ధతిని పదుల మూలకాల పట్టికగా అమ్మడమే నా అభ్యంతరం.

రక్తంలో దొరకవన్న మాట మరీ అన్యాయం. పెద్దల ఒంట్లోని సీసంలో 90 శాతానికి పైగా ఎముకల్లో ఉంటుందన్నది నిజమే గాని, ఎముక నుంచి అది రక్తంలోకి వస్తూనే ఉంటుంది. పిల్లల మెదడుకు సీసం చేసే హాని గురించి మనకున్న జ్ఞానంలో అధికభాగం రక్తపు కొలతలతోనే వచ్చింది. రక్తంలో సీసం డెసిలీటరుకు (100 మిల్లీలీటర్లకు) 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే మూలాన్ని వెతికి తొలగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. 2020 డిసెంబరులో ఏలూరులో అంతుచిక్కని జబ్బు పడినవారి విషయంలోనూ, సీసం, నికెల్ కనిపించాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పింది రక్త నమూనాలను పరీక్షించే. రక్తంతోనూ జాగ్రత్త కావాలి: స్టీలు సూది నుంచే నికెల్, క్రోమియం నమూనాలో కలవవచ్చు కాబట్టి, లోహాల కోసమే తయారైన ట్యూబుల్లో రక్తం తీయాలి.

ఇక మందు మింగి చేసే మూత్రపరీక్ష. డీఎంఎస్‌ఏ వంటి మందు ఎవరికిచ్చినా, ఆరోగ్యవంతులకైనా, లోహాలను పట్టుకుని మూత్రంలోకి తెస్తుంది. అలా పెంచిన అంకెను, మందు మింగనివారి పరిమితులతో పోల్చితే ప్రతి రిపోర్టూ భయపెడుతుంది. ఈ పరీక్షకు శాస్త్రీయ నిరూపణ లేదని విషవైద్య నిపుణుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ మెడికల్ టాక్సికాలజీ స్పష్టంగా ప్రకటించింది. భయపడినవారికి తర్వాత చూపేది లోహాలను తొలగించే కీలేషన్ చికిత్స. 2005లో పెన్సిల్వేనియాలో ఆటిజం ఉన్న అయిదేళ్ల బాలుడికి ఆ పేరుతో ఎడిటేట్ డైసోడియం అనే మందును నరంలోకి ఎక్కించారు. అది రక్తంలోని కాల్షియాన్ని పట్టేయడంతో గుండె ఆగి ఆ బిడ్డ మరణించాడు.