రిటైరైన ఛెత్రీయే మళ్లీ దిక్కయ్యాడు

ఇది 2025 మార్చిలో, మ్యాచ్‌కి ముందు రాస్తున్న మాట. ఈ మంగళవారం, మార్చి 25న, షిల్లాంగ్‌లో మన ఫుట్‌బాల్ టీం బంగ్లాదేశ్‌తో ఆడబోతోంది. సౌదీలో జరిగే 2027 ఆసియా కప్‌కి క్వాలిఫై అవ్వడానికి మనకున్న ఆరు మ్యాచుల్లో ఇది మొదటిది. గ్రూపులో మనతో పాటు బంగ్లాదేశ్, హాంకాంగ్, సింగపూర్ ఉన్నాయి, నాలుగింటిలో టాప్‌లో నిలిచిన ఒక్క టీమే సౌదీ వెళ్తుంది, రెండో స్థానంలో ఉన్నవాళ్లు ఇంటికే. ఇంత ముఖ్యమైన మ్యాచ్ కదా, ఎవరేం మాట్లాడుకుంటున్నారా అని చూస్తే ఎక్కడ చూసినా ఒకటే పేరు, సునీల్ ఛెత్రి. పోయినేడాది జూన్ 6న కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో దాదాపు 59 వేల మంది ముందు కన్నీళ్లు పెట్టుకుని సెలవు తీసుకున్న మనిషి తొమ్మిది నెలలకి మళ్లీ అదే జెర్సీ వేసుకున్నాడు, వచ్చీ రాగానే మొన్న బుధవారం మాల్దీవ్స్ మీద హెడర్‌తో, అంటే తలతో, గోల్ కూడా కొట్టేశాడు. అది అతని 95వ ఇంటర్నేషనల్ గోల్. ప్రపంచంలో రొనాల్డో, మెస్సీ, ఇరాన్‌కి ఆడిన అలీ దాయీ, ఈ ముగ్గురి తర్వాత మన ఛెత్రీయే.

సికింద్రాబాద్‌లో పుట్టినవాడు కాబట్టి మనకి ఇంకొంచెం ఎక్కువ మురిపెం, దాచుకోవడం ఎందుకు. కానీ ఆ గోల్ చూసి చప్పట్లు కొట్టాక నిదానంగా కూర్చుని ఆలోచిస్తే మాకు సంతోషం కంటే దిగులే ఎక్కువైంది. 140 కోట్ల దేశం, పదకొండు సీజన్లుగా టీవీలో లైవ్ వచ్చే లీగ్, ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్), ఉంది, డబ్బుంది, విదేశీ కోచ్‌లున్నారు, అయినా బంతిని గోల్‌లోకి నెట్టడానికి నలభై దాటినాయన్ని ఇంటి నుంచి పిలిపించుకోవాల్సి వచ్చింది. ఇందులో ఛెత్రి తప్పు వీసమెత్తు లేదు. పిలిచారు, వచ్చాడు.

రిటైరై తిరిగి రావడం కొత్తేమీ కాదు అని కొందరంటున్నారు, నిజమే. 2005లో ఫ్రాన్స్ క్వాలిఫయింగ్‌లో తడబడుతుంటే జిదాన్, తురాం, మకలెలే ముగ్గురూ వెనక్కొచ్చారు, ఆ టీం మరుసటేడు వరల్డ్ కప్ ఫైనల్ దాకా వెళ్లింది. 2016లో కోపా అమెరికా ఫైనల్ ఓడాక మెస్సీ ఇక చాలన్నాడు, రెండు నెలల్లో మనసు మార్చుకున్నాడు, 2022లో కప్పు ఎత్తాడు. రోజర్ మిల్లా సంగతి సరే సరి, 38 ఏళ్లకి 1990 వరల్డ్ కప్‌కి వచ్చి నాలుగు గోల్స్ కొట్టి కామెరూన్‌ని క్వార్టర్ ఫైనల్‌కి తీసుకెళ్లాడు. బాగానే ఉంది, కానీ జిదాన్ వచ్చేటప్పటికి ఫ్రాన్స్‌లో గోల్స్ కొట్టడానికి హెన్రీ ఉన్నాడు, ట్రెజెగె ఉన్నాడు. ఉన్న టీంకి పెద్దాయన తోడయ్యాడు అంతే. మన దగ్గర పెద్దాయన లేకపోతే ఆ చోట్లో నిలబడ్డానికి మనిషే లేడు. ఈ రెండిటికీ పోలిక పెట్టి మనల్ని మనం ఊరడించుకోవడం ఎందుకు?

2024లో మనవాళ్లు ఆడిన మ్యాచులు పదకొండు, గెలిచింది ఒక్కటీ లేదు, ఐదు డ్రా, ఆరు ఓటమి. కొట్టిన గోల్స్ మొత్తం కలిపి నాలుగంటే నాలుగు. జనవరిలో ఖతార్‌లో ఆసియా కప్‌కి వెళ్లి ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియా ముగ్గురి చేతిలో ఓడి ఒక్క గోల్ కూడా లేకుండా తిరిగొచ్చాం. మార్చిలో గువాహటిలో అఫ్గానిస్తాన్ చేతిలో 2-1తో ఓడాం, ఆ ఒక్క గోల్ ఛెత్రి పెనాల్టీ, అది అతని 150వ మ్యాచ్. జూన్‌లో కువైట్‌తో అతని వీడ్కోలు మ్యాచ్ 0-0, దాని తర్వాత ఐదు రోజులకి దోహాలో ఖతార్ మీద 1-0 ఆధిక్యంలో ఉండగా గీత దాటి బయటికెళ్లిన బంతిని ఖతార్ వాళ్లు లోపలికి లాగి గోల్ చేస్తే రెఫరీ ఒప్పుకున్నాడు, 2-1తో ఓడాం, వరల్డ్ కప్ క్వాలిఫయింగ్ మూడో రౌండ్ కల అక్కడితో సరి. రెఫరీని తిట్టుకున్నాం, తిట్టుకోవాల్సిందే, కానీ అఫ్గానిస్తాన్‌తో ఇంట్లో గెలిచి ఉంటే ఆ రెఫరీతో పనే ఉండేది కాదు కదా.

ఛెత్రి లేని ఆ తర్వాతి రోజులు హైదరాబాద్ వాళ్లకి ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే గచ్చిబౌలిలోనే మూడు మ్యాచులు జరిగాయి. ప్రపంచ ర్యాంకుల్లో ఎక్కడో కింద ఉండే మారిషస్‌తో 0-0. సిరియా చేతిలో 0-3. నవంబర్‌లో మలేషియాతో 1-1, ఆ గోల్ కొట్టింది కూడా డిఫెండర్ రాహుల్ భేకే. మధ్యలో వియత్నాం వెళ్లి 1-1. ఖతార్ మ్యాచ్ కూడా కలుపుకుంటే ఛెత్రి లేకుండా ఐదు మ్యాచుల్లో మూడు గోల్స్. మాల్దీవ్స్ మీద 3-0 గెలుపు 489 రోజుల తర్వాత వచ్చిన మొదటి గెలుపు, దాన్ని తక్కువ చెయ్యం, కానీ మూడూ హెడర్లే, మొదటి రెండూ కార్నర్ల నుంచి వచ్చినవి, పాసులతో అల్లుకుంటూ వెళ్లి కొట్టిన గోల్ ఒక్కటీ లేదు. పైగా అవతల ఉంది మాల్దీవ్స్.

మరి స్ట్రైకర్లు, అంటే ముందుండి గోల్స్ కొట్టేవాళ్లు, ఎందుకు లేరు అంటే జవాబు అందరికీ తెలిసిందే, ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఐఎస్‌ఎల్‌లో 2014 నుంచి పోయిన సీజన్ దాకా పది సార్లు, సీజన్లో ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ ఇచ్చారు, పదికి పది విదేశీ ఆటగాళ్లకే వెళ్లాయి. క్లబ్బు మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయుల్ని ఆడించొచ్చు, ఆ నలుగురిలో ఒకడు తప్పకుండా సెంటర్ ఫార్వర్డ్ అయ్యుంటాడు, ఎందుకంటే గోల్స్ పడకపోతే మూడో వారానికే కోచ్ ఉద్యోగం ఊడుతుంది. దాంతో అండర్-17లో స్ట్రైకర్‌గా గోల్స్ మీద గోల్స్ కొట్టిన కుర్రాడు క్లబ్బుకి రాగానే వింగ్ మీదకి, అంటే మైదానం పక్క అంచుకి, పోతాడు, లేదా 80వ నిమిషంలో దిగుతాడు, లేదా బెంచీ మీదే ఇరవై నాలుగేళ్లొస్తాయి. బాక్స్‌లో బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టడం, డిఫెండర్ భుజం వెనక నుంచి తప్పించుకోవడం, ఇవి ట్రైనింగ్‌లో చెబితే వచ్చేవి కావు, తొంభై నిమిషాల మ్యాచులు వరసగా ఆడితేనే వస్తాయి. ఛెత్రికి ఆ మ్యాచులు దొరికాయి, ఇప్పుడున్న కుర్రాళ్లకి దొరకట్లేదు. ఈ 2024-25 సీజన్ లీగ్‌లో ఇండియన్లలో ఎక్కువ గోల్స్ కొట్టింది ఎవరంటే మళ్లీ ఛెత్రీయే, ఇక కోచ్ ఎవర్ని పిలవాలి?

ఆ కోచ్ మనోలో మార్క్వెజ్ మనకి బాగా తెలిసినాయనే. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్‌ఎల్ కప్పు తెచ్చిపెట్టింది ఆయనే, మంచి కోచ్, అందులో సందేహం లేదు. కానీ ఆ హైదరాబాద్ టీంకి ఆ సీజన్లో గోల్స్ తెచ్చింది కూడా నైజీరియా నుంచి వచ్చిన ఓగ్‌బెచే, 18 కొట్టి గోల్డెన్ బూట్ పట్టుకెళ్లాడు. అంటే క్లబ్ కోచ్‌గా ఉన్నప్పుడు విదేశీ స్ట్రైకర్‌ని నమ్ముకున్న మనిషే ఇప్పుడు నేషనల్ టీంకి స్ట్రైకర్ లేడని వెతుక్కుంటున్నాడు. ఆయన్ని వేలెత్తి చూపడానికి చెప్పట్లేదు, ఆయన కుర్చీలో ఎవరున్నా అదే చేస్తారు, లీగ్ రూల్స్ అలా ఉన్నాయి. మాకు ఆయన మీద ఉన్న అభ్యంతరం వేరు. ఈ సీజనంతా ఆయన ఒక చేత్తో ఐఎస్‌ఎల్ క్లబ్ ఎఫ్‌సీ గోవాని, ఇంకో చేత్తో ఇండియాని నడుపుతున్నారు. నేషనల్ టీం కోచ్ అనేది పార్ట్‌టైం పనా? దేశంలో ఫుట్‌బాల్ నడిపే ఫెడరేషన్ అప్పుడు ఎలా ఒప్పుకుందో మాకు ఇప్పటికీ అర్థం కాదు. జూన్ నుంచి ఫుల్‌టైం అంటున్నారు, సంతోషం, కానీ ఈలోపు ఆరు మ్యాచుల్లో ఒకటి అయిపోతుంది.

ఇంకో మాట. మన దగ్గర పెద్ద ఫార్వర్డ్‌లు వెళ్లిపోవడం ఇదే మొదటిసారి కాదు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ కొట్టిన టీంలో మన సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం ఉన్నాడు, కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్. బలరాంకి ముప్ఫై నిండకుండానే ఊపిరితిత్తుల జబ్బుతో ఆట ఆగిపోయింది, రహీం సాబ్ 1963లో కన్నుమూశారు, అయినా 1964 ఆసియా కప్‌లో మన టీం రన్నరప్‌గా నిలిచింది. ఆ తర్వాత్తర్వాత ఐ.ఎం.విజయన్ ఇంటర్నేషనల్ కెరీర్ ముగిసింది 2003లో, మన హైదరాబాద్ ఆఫ్రో-ఏషియన్ గేమ్స్‌లోనే, నాలుగు గోల్స్ కొట్టి సిల్వర్ మెడల్‌తో వెళ్లాడు. అప్పటికే పక్కన భైచుంగ్ భూటియా ఎప్పట్నుంచో ఆడుతున్నాడు. 2005లో క్వెట్టాలో పాకిస్తాన్ మీద ఛెత్రి మొదటి మ్యాచ్ ఆడి గోల్ కొట్టేనాటికి భూటియా ఇంకా ఫామ్‌లో ఉన్నాడు, ఆరేళ్లు ఇద్దరూ కలిసి ఆడారు, 2012 జనవరిలో ఢిల్లీలో బయర్న్ మ్యూనిక్‌తో భూటియా వీడ్కోలు మ్యాచ్ జరిగేసరికి బాధ్యతంతా ఛెత్రి చేతికి వచ్చేసింది. ఒకరి పక్కన ఒకరు ఆడుతూ నేర్చుకుంటూ వచ్చిన వరస అది. ఛెత్రి దగ్గరికొచ్చేసరికి తెగింది, ఒక్క రోజులో కాదు, పదేళ్ల పాటు అందరూ చూస్తుండగానే. అతను గోల్స్ కొడుతున్నంత కాలం ఎవరికీ తొందర లేదు, ఇదే నిజం.

సరే మంగళవారం మ్యాచ్ సంగతికొద్దాం. ర్యాంకుల్లో మనం 126, బంగ్లాదేశ్ 185, కాగితం మీద గెలుపు మనదే. కాగితాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో 2019 అక్టోబర్‌లో కోల్‌కతాలో చూశాం, వరల్డ్ కప్ క్వాలిఫయర్‌లో బంగ్లాదేశ్ ముందు గోల్ కొట్టి దాదాపు గెలిచినంత పని చేసింది, 88వ నిమిషంలో ఆదిల్ ఖాన్ హెడర్ లేకపోతే పరువు పోయేది. 2021లో దోహాలో 2-0తో గెలిచాం, రెండూ ఛెత్రి గోల్సే, వాటిలో మొదటిది 79వ నిమిషంలో గానీ రాలేదు. అదే ఏడాది దక్షిణాసియా దేశాలు ఆడే శాఫ్ కప్‌లో 1-1, అదీ ఛెత్రి గోలే. వీళ్ల మీద మన రికార్డులోంచి ఛెత్రిని తీసేస్తే పెద్దగా ఏమీ మిగలదు అన్నది ఒక సంగతి, ఈసారి వాళ్లతో హంజా చౌధురి ఉన్నాడన్నది ఇంకో సంగతి. ఇంగ్లండ్ క్లబ్ లెస్టర్ సిటీలో ఆట నేర్చుకుని, 2021 ఎఫ్‌ఏ కప్ గెలిచిన టీంలో ఉండి, ఇప్పుడు లోన్ మీద షెఫీల్డ్ యునైటెడ్‌కి ఆడుతున్న మిడ్‌ఫీల్డర్, ఇంగ్లండ్ అండర్-21కి ఆడినవాడు, ఫిఫా అనుమతితో తల్లి మూలాలున్న దేశానికి ఆడబోతున్నాడు. అతనొక్కడు వస్తే బంగ్లాదేశ్ మారిపోతుందా అంటే మారదు, కానీ మిడ్‌ఫీల్డ్‌లో మన పాసులు కొయ్యడానికి ఆ ఒక్కడు చాలు. మన దగ్గర ఇలాంటి విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి ఆటగాళ్లు టీంకి ఆడే వీలు లేదు, రూల్ మార్చాలా వద్దా అనేది పెద్ద చర్చ, ఇవాళ దాని జోలికి పోం.

షిల్లాంగ్ మనకి కలిసొచ్చే చోటే, ఫుట్‌బాల్ అంటే ప్రాణమిచ్చే ఊరు, మాల్దీవ్స్ మ్యాచ్‌తోనే మొదటిసారి సీనియర్ మగవాళ్ల ఇంటర్నేషనల్ అక్కడ జరిగింది. అంతమంది అరుపుల మధ్య మనవాళ్లు చేసే తప్పు ఒకటుంది, బంతి దొరికిన ప్రతిసారీ తలెత్తి ఛెత్రి ఎక్కడున్నాడా అని వెతకడం. బంగ్లాదేశ్ డిఫెండర్లు కూడా అదే వెతుకుతుంటారు. అందుకే అతన్ని ఆడించండి కానీ ఇర్ఫాన్ యద్వాద్ లాంటి కుర్ర స్ట్రైకర్‌ని పక్కన పెట్టుకుని ఆడించండి అని మా అభిప్రాయం, చివర్లో పది నిమిషాలు కాకుండా కనీసం ఒక హాఫ్ మొత్తం. ఛెత్రి పక్కన ఒక హాఫ్ ఆడితే ఆ కుర్రాడు నేర్చుకునేది ఏ క్యాంపులోనూ దొరకదు.

ఫెడరేషన్‌ని మేం అడిగేది కూడా పెద్ద కోరికేం కాదు. మైదానంలో విదేశీయుల్ని నలుగురి నుంచి ముగ్గురికి తగ్గించమనండి, క్లబ్బులు గోల పెడతాయి, పెట్టనివ్వండి. లేదూ సీజన్లో ఒక టోర్నమెంట్ అయినా విదేశీ ఫార్వర్డ్‌లు లేకుండా నడపండి. రాష్ట్రాల టీంలు తలపడే, అందరూ మనవాళ్లే ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ మొన్న 2024 డిసెంబర్ 31న హైదరాబాద్‌లోనే జరిగింది, బెంగాల్ కుర్రాడు రాబి హన్స్‌దా టోర్నీ మొత్తంలో 12 గోల్స్ కొట్టాడు, ఫైనల్లో గెలిపించిన గోల్‌తో సహా. ఆడే అవకాశం ఉన్నచోట గోల్స్ కొట్టేవాళ్లు పుడుతూనే ఉన్నారు. ఆ తర్వాత వాళ్లకి ఏ లీగ్‌లో ఎన్ని నిమిషాలు దొరుకుతాయో చూసే నాథుడు లేడు.

ఈ క్వాలిఫయింగ్ మ్యాచులు 2026 మార్చి దాకా నడుస్తాయి, జూన్ 10న హాంకాంగ్ వెళ్లాలి, అక్టోబర్‌లో సింగపూర్‌తో రెండుసార్లు ఆడాలి. ఆగస్టు వచ్చేసరికి ఛెత్రికి 41 నిండుతాయి. అతన్ని ఈ ఒక్క నెలకే పిలిచారా, ఆరు మ్యాచులకీ పిలిచారా, సౌదీ దాకానా, ఇప్పటిదాకా ఎవరూ స్పష్టంగా చెప్పలేదు. మంగళవారం గెలిస్తే ఆ ప్రశ్న అడిగేవాళ్లే ఉండరు కాబట్టి మ్యాచ్‌కి ముందే అడుగుతున్నాం.